విజయవాడ నుంచి బెంగళూరుకు: ముందు ఇల్లు చూడాలా, ముందు బడి చూడాలా?

కృష్ణాతీరం | 12 జనవరి 2025

అందరికీ నమస్కారం. మా వారికి ఏప్రిల్ నుంచి బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద, బెళ్ళందూరు దగ్గర. మేము పుట్టి పెరిగింది విజయవాడలోనే కావడంతో వేరే రాష్ట్రంలో కాపురం పెట్టడం ఇదే మొదటిసారి. పాప 2019 సెప్టెంబరులో పుట్టింది, ఈ మార్చికి యూకేజీ పూర్తవుతుంది. బాబుకు మూడేళ్ళు. మా అత్తయ్య గారు కూడా మాతోనే వస్తారు, ఆవిడకు తెలుగు తప్ప మరో భాష రాదు.

పదిహేను రోజులుగా రాత్రి పిల్లలు పడుకున్నాక బడుల వెబ్‌సైట్లు చూస్తూ కూర్చుంటున్నాను. ప్రతి బడి ఫోటోలోనూ ఈతకొలను కనిపిస్తోంది గాని, మా ఇంటి నుంచి పిల్ల అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందో ఎవరూ చెప్పడం లేదు, ఎందుకంటే మా ఇల్లు ఎక్కడో మాకే ఇంకా తెలియదు. ముందు ఇల్లు ఖాయం చేసుకుని దగ్గర్లోని బడిలో చేర్చాలా, లేక బడి ఖాయం చేసుకుని దాని పక్కన ఇల్లు వెతకాలా? సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, రాష్ట్ర సిలబస్‌లలో ఏది మేలు? పాపకు కన్నడం తప్పనిసరి అవుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

మారతహళ్లి నాన్న | 12 జనవరి 2025

కృష్ణాతీరం గారూ, తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాం, ఇద్దరు పిల్లలను ఇక్కడే బడిలో వేశాం. నా సమాధానం సూటిగా చెబుతాను: ముందు బడి, తరువాత ఇల్లు. మీ వారు ఆఫీసుకు గంటన్నర ప్రయాణం చేసినా తట్టుకోగలరు. ఐదేళ్ళ పిల్ల ఉదయం ఆరున్నరకే బస్సెక్కి సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరితే తిండి, నిద్ర, ఆట మూడూ దెబ్బతింటాయి. మా పెద్దవాడి విషయంలో మేము చేసిన తప్పు అదే. బడి పేరు చూసి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో చేర్పించాం. వాడు రోజూ బస్సులోనే నిద్రపోయేవాడు, ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడు. రెండో తరగతిలో బడి మార్చాకే వాడి ముఖంలో కళ చూశాం.

ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో లెక్కించాలి. సిల్కుబోర్డు నుంచి కె.ఆర్.పురం వరకు ఔటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు నడుస్తున్నాయి. వైట్‌ఫీల్డు నుంచి చల్లఘట్ట వరకు ఊదారంగు మార్గం 2023 అక్టోబరులో పూర్తిగా తెరుచుకున్నా అది బెళ్ళందూరు మీదుగా పోదు. ఆదివారం నాడు వచ్చి ఇల్లు చూసి ఖాయం చేయవద్దు. మంగళవారమో బుధవారమో ఉదయం ఏడుంబావుకు ఆ ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా ఒకసారి ప్రయాణించి చూడండి. అదే పరీక్ష.

ఇల్లు చూసేటప్పుడు నీళ్ళ సంగతి తప్పక అడగండి. కావేరి నీళ్ళు వస్తాయా, బోరు ఉందా, వేసవిలో ట్యాంకర్ల మీద బతకాలా? 2024 వేసవిలో ఈ వైపు బోర్లు ఎండిపోయి చాలా అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం రాత్రింబవళ్ళు ఎదురుచూశాయి. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం చేపట్టిన కావేరి ఐదో దశను 2024 అక్టోబరులో ప్రారంభించారు. అయితే మీరు చూసే భవనానికి కనెక్షన్ వచ్చిందా లేదా అన్నది వాచ్‌మన్‌ను అడిగితేనే నిజం తెలుస్తుంది. అద్దె అడ్వాన్సు కూడా మన దగ్గరిలాగ రెండు నెలలతో సరిపోదు. మమ్మల్ని ఆరు నెలల అద్దె అడిగారు. బడి ప్రవేశ రుసుము, ఈ అడ్వాన్సు ఒకే నెలలో కట్టవలసి వస్తుంది కాబట్టి డబ్బు ముందే సర్దుకోండి.

వైట్‌ఫీల్డు గృహిణి | 13 జనవరి 2025

నాన్న గారి అనుభవాన్ని గౌరవిస్తూనే నేను కొంత విభేదిస్తాను. మేము సరిగ్గా ఆయన చెప్పినట్టే చేశాం. బడి ఎంచుకుని, దాని గోడ పక్కనే ఎక్కువ అద్దెకు ఇల్లు తీసుకున్నాం. ఏడాది తిరగకుండానే ఆ బడి మా అమ్మాయికి సరిపడదని తేలిపోయింది. తరగతిలో నలభైమంది, ఒకటో తరగతికే వారం వారం పరీక్షలు, మాట్లాడని పిల్ల వైపు ఎవరూ చూడరు. తీరా మారుద్దామంటే ఆ చుట్టుపక్కల మరో బడి లేదు. ఇల్లు మార్చితే అడ్వాన్సు, సామాను తరలింపు, మళ్ళీ అన్నీ మొదలు. అందుకని ఒక్క బడిని నమ్ముకుని ఇల్లు తీసుకోకండి. నడిచో, పది నిమిషాల ఆటో ప్రయాణంలోనో చేరుకోగల బడులు కనీసం మూడు ఉన్న పేట చూసుకోండి. మొదటిది కుదరకపోతే రెండోదానికి వెళ్ళే దారి ఉంటుంది.

ఇంకొక మాట, మీ అత్తయ్య గారి గురించి. పెద్దవారికి కొత్త ఊళ్ళో పలకరించే మనిషి లేకపోతే ఇల్లు జైలులా తోస్తుంది. మా అత్తగారు మొదటి ఆరు నెలలూ కిటికీ దగ్గరే కూర్చున్నారు. తెలుగువాళ్ళు నలుగురు ఉండే వీధి, గుడి, కూరగాయల బండి వచ్చే చోటు చూసుకోండి. కసవనహళ్లి, పణత్తూరు, మున్నేకొళాల వైపు మనవాళ్ళు చాలామందే ఉన్నారు.

పలమనేరు పంతులు | 14 జనవరి 2025

అమ్మా కృష్ణాతీరం, నేను కర్ణాటక సరిహద్దు మండలంలో ముప్ఫై ఏళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. రెండు విషయాలు చెబుతాను, ఒకటి వయసు, మరొకటి భాష.

కర్ణాటక ప్రభుత్వం 2022లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండిన పిల్లలకే ఒకటో తరగతిలో ప్రవేశం. దాని అమలు ఈ 2025-26 విద్యా సంవత్సరం నుంచే. మీ పాపకు ఆ తేదీకి ఐదేళ్ళ ఎనిమిది నెలలు. కాబట్టి యూకేజీ పూర్తయినా ఒకటో తరగతిలో చేర్చుకోలేమని బడులు చెప్పవచ్చు. ఇల్లు, సిలబస్ అన్నిటికన్నా ముందు మీరు తేల్చుకోవలసిన విషయం ఇదే.

ఇక కన్నడం. 2015లో కర్ణాటక చేసిన కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం కన్నడాన్ని మొదటి భాషగానో రెండో భాషగానో తప్పనిసరిగా నేర్పాలి. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున దాన్ని పైకి తీసుకువెళ్ళారు. సీబీఎస్‌ఈ అయినా, ఐసీఎస్‌ఈ అయినా కన్నడం ఏ తరగతి నుంచి, ఎన్నో భాషగా చెబుతారో బడిలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మీరు దీనికి భయపడకూడదని నా మనవి. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి చీలినవి. గ, జ, ర, శ వంటి అక్షరాలు చూడగానే పోల్చుకుంటారు. క, త వంటివి రూపం మారతాయి. తలకట్టు తీరు వేరు. మాటల్లో ఒక చిన్న కిటుకు ఉంది, అది పిల్లలకు ఆటలాగ నేర్పవచ్చు. మన 'ప' చాలాచోట్ల వారి దగ్గర 'హ' అవుతుంది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు. ప్రాచీన కన్నడంలో అవీ 'ప'తోనే ఉండేవి, కాలక్రమంలో మారాయి. మా సరిహద్దు పల్లెల్లోనూ, కోలారు, పావగడ ప్రాంతాల్లోనూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివే పిల్లలు తరతరాలుగా ఉన్నారు. వారెవరికీ ఏ భాషా బరువు కాలేదు. పిల్లకు బరువయ్యేది ఇంట్లో పెద్దవాళ్ళ భయమే.

కృష్ణాతీరం | 14 జనవరి 2025

పంతులు గారూ, వయసు సంగతి నాకు బొత్తిగా తెలియదు. ఇవాళ మూడు బడులకు ఫోను చేశాను. రెండు బడులవారు మీరు చెప్పిందే చెప్పారు, మూడో బడివారు ముందు డబ్బు కట్టండి, తరువాత చూసుకుందాం అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. పాప మళ్ళీ యూకేజీ చదవాలంటే మనసుకు కష్టంగా ఉంది. ఇక్కడ దాని స్నేహితులందరూ ఒకటో తరగతికి వెళతారు. "నేను సరిగ్గా చదవలేదా అమ్మా" అని అడిగితే ఏమి చెప్పాలి?

మారతహళ్లి నాన్న | 15 జనవరి 2025

ముందు డబ్బు కట్టమన్న బడిని వదిలేయండి. కట్టాక వెనక్కి రాదు.

అనంత అమ్మ | 18 జనవరి 2025

మేము అనంతపురం నుంచి మూడేళ్ళ క్రితం వచ్చాం. అప్పుడు బాబు మూడో తరగతి, అదీ విద్యా సంవత్సరం మధ్యలో. మేము పడిన ఇబ్బంది మరొకరు పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మేము చేర్పించిన బడి బోర్డు మీద పెద్ద అక్షరాలతో సీబీఎస్‌ఈ అని ఉండేది. పుస్తకాలూ అవే. ఏడాది తరువాత తెలిసింది, వారికి రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు మాత్రమే ఉంది, సీబీఎస్‌ఈ అనుబంధం లేదు. మాలాంటి తల్లిదండ్రులం చాలామందిమి గేటు దగ్గర నిలబడి అడిగితే, దరఖాస్తు పెట్టాం, వస్తుంది అన్నారు. పిల్లవాడిని అక్కడ నుంచి తీసేశాం, కట్టిన ప్రవేశ రుసుము పోయింది. కాబట్టి బ్రోచరును నమ్మకండి. సీబీఎస్‌ఈ అయితే అనుబంధ సంఖ్య అడిగి, బోర్డు వారి సరస్ పోర్టల్‌లో ఆ సంఖ్య, అదే చిరునామా, ఏ తరగతి వరకు, ఎప్పటి వరకు అనుమతి ఉందో చూడండి. ఒక్కోసారి అదే యాజమాన్యం వారి మరో శాఖ సంఖ్యను చూపిస్తారు, చిరునామా పోల్చితేనే తెలుస్తుంది. ఐసీఎస్‌ఈ అయితే ఆ పరీక్ష నడిపే బోర్డు సీఐఎస్‌సీఈ వారి జాబితాలో బడి కోడ్ ఉంటుంది. ఏ బడికైనా యూడైస్ (దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) సంఖ్య పదకొండు అంకెలది ఉండాలి, కర్ణాటకలో అది 29తో మొదలవుతుంది.

రెండోది పాత బడి కాగితాలు. టీసీ చేతికి వస్తే చాలు అనుకున్నాం. చాలదు. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ యూడైస్ ప్లస్‌లో శాశ్వత సంఖ్య ఉంటుంది, పెన్ నంబరు అంటారు. పాత బడివారు పిల్లవాడు వెళ్ళిపోయాడని నమోదు చేసి, అందులోనే బడి మారే పిల్లల పేర్లు ఉండే డ్రాప్‌బాక్స్‌లోకి పంపితేనే కొత్త బడివారు తమ జాబితాలోకి తీసుకోగలరు. మా పాత బడివారు ఆ పని చేయలేదు. నాలుగు నెలలు మా బాబు పేరు కాగితాల మీద అనంతపురంలోనే ఉంది. కర్ణాటకలో దీనికి తోడు సాట్స్ అనే రాష్ట్ర సంఖ్య కూడా ఇస్తారు, దానికి జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ పేరు ఒకే తీరుగా ఉండాలి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరం మాత్రమే ఉండడం వల్ల ఎంత తిరిగామో చెప్పలేను. ఊరు వదలకముందే ఇవన్నీ సరిచేయించుకోండి.

చట్టం గురించి కూడా ఒక మాట. విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ప్రకారం ప్రవేశానికి పిల్లలను గాని, తల్లిదండ్రులను గాని వడపోత పరీక్షకు గురిచేయకూడదు; చేస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. ఐదో సెక్షను ప్రకారం టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి. కాని ఆ సెక్షను ఇచ్చే బదిలీ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే గాని ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులకు వర్తించదు. ఈ తేడా తెలియక నేను ఒక కార్యాలయంలో గంటసేపు వాదించి అలసిపోయాను.

నాగోలు నాన్న | 26 ఫిబ్రవరి 2025

ఈ చర్చ ఆలస్యంగా చూశాను. మేము ఆరేళ్ళు బెంగళూరులో ఉండి హైదరాబాదుకు తిరిగి వచ్చాం. వెళ్ళే సంగతి అందరూ చెప్పారు, తిరిగి వచ్చే సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మనలో చాలామంది ఏదో ఒకనాటికి వెనక్కి వస్తాం.

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి. మా అమ్మాయి ఆరో తరగతిలో చేరేనాటికి తెలుగు మాట్లాడగలదు గాని 'అమ్మ' అని రాయలేదు. తోటి పిల్లలు పేరాలు రాస్తుంటే అది గుణింతాలు దిద్దింది. ఈ నెలలోనే ప్రభుత్వం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ వంటి బోర్డుల తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి' స్థానంలో 'వెన్నెల' అనే సరళమైన తెలుగు వాచకం పెడుతున్నట్టు ప్రకటించింది. అది కొంత ఊరట. అయినా ఆరు సంవత్సరాలు రోజుకు పావుగంట చొప్పున ఇంట్లో రాయించి ఉంటే పిల్లకు ఆ చిన్నతనం తప్పేది. ఆ తప్పు మాదే. మీ అత్తయ్య గారికి తెలుగు తప్ప మరేదీ రాదని బాధపడ్డారు. మీ పిల్లలకు ఆవిడే తెలుగు బడి.

మరో విషయం చిన్నపిల్లల తల్లిదండ్రులు ఎవరూ ఆలోచించరు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పై చదువుల ప్రవేశాల్లో స్థానికులు అనిపించుకోవడానికి మామూలుగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. ఇది రాజ్యాంగం 371డి అధికరణం కింద వచ్చిన ఏర్పాటు. కర్ణాటకలో అయితే ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో సంవత్సరం) లోపల కనీసం ఏడేళ్ళు అక్కడ చదివి, పదో తరగతిగాని పీయూసీగాని అక్కడే ఉత్తీర్ణులు కావాలన్నది వృత్తివిద్యా ప్రవేశాలకు ముఖ్యమైన నిబంధన. అంటే తొమ్మిదో తరగతి తరువాత అటూ ఇటూ మారిన పిల్లవాడు రెండుచోట్లా పరాయివాడు అయ్యే ప్రమాదం ఉంది. మీ పాపకు ఇంకా ఎనిమిదేళ్ళ సమయం ఉంది. కాని ఏడో తరగతిలోకి వచ్చేసరికి "ఇక్కడే ఉంటామా, వెళ్ళిపోతామా" అన్నది తేల్చుకోవలసి ఉంటుందని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

కృష్ణాతీరం | 27 ఫిబ్రవరి 2025

మీ మాట మా అత్తయ్య గారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే పలక కొనుక్కుని వచ్చారు.

మారతహళ్లి నాన్న | 17 ఏప్రిల్ 2025

కృష్ణాతీరం గారూ, చూశారా? 2025-26 సంవత్సరానికి మాత్రం ఒకటో తరగతి వయసును ఐదేళ్ళ ఐదు నెలలకు తగ్గించారు. యూకేజీ పూర్తిచేసి ఉండాలి. వచ్చే సంవత్సరం నుంచి మళ్ళీ ఆరేళ్ళే. మీ పాపకు అర్హత వచ్చింది. వెంటనే ఒకటో తరగతికి అడగండి, ఒక ఏడాది మిగులుతుంది.

పలమనేరు పంతులు | 17 ఏప్రిల్ 2025

అర్హత వచ్చింది నిజమే. అయినా నాన్న గారితో ఇక్కడ నేను ఏకీభవించలేను. ఏడాది మిగులుతుంది అంటున్నాం, ఎవరికి మిగులుతుంది? జూన్‌లో ఆ పిల్లకు ఇల్లు కొత్త, ఊరు కొత్త, వీధిలో వినిపించే భాష కొత్త, ఉపాధ్యాయురాలు కొత్త. వీటికి తోడు కన్నడ వాచకం, హిందీ, లెక్కలు, వాటి పరీక్షలు. ఒకటో తరగతిలో నేను చూసిన పిల్లల్లో వెనుకబడినవారు చాలామంది తెలివి తక్కువవారు కాదు, తరగతిలో అందరికన్నా చిన్నవారు. పెన్సిలు పట్టు కుదరదు, గంటసేపు కూర్చోలేరు, దాన్ని మనం చదువు రాకపోవడం అనుకుంటాం. పాప చదువులో చురుకుగా ఉండి, పాత ఊళ్ళోనే ఉండి ఉంటే నేను ఈ మాట అనేవాడిని కాదు.

వైట్‌ఫీల్డు గృహిణి | 18 ఏప్రిల్ 2025

నా అభిప్రాయం ఏమిటంటే ఇది పాపను చూసి నిర్ణయించవలసిన విషయం. మా రెండో అమ్మాయిని ఐదున్నరకే ఒకటో తరగతిలో వేశాం, హాయిగా చదువుకుంది. పెద్దదానికైతే ఒక ఏడాది ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కృష్ణాతీరం గారూ, మీ పాప కొత్తవారి దగ్గరకు ఎలా వెళుతుంది? కథ చెబితే చివరిదాకా వింటుందా? బడి నుంచి వచ్చి ఏం జరిగిందో చెబుతుందా?

కృష్ణాతీరం | 11 మే 2025

అందరికీ ఆలస్యంగా సమాధానం ఇస్తున్నాను, మన్నించండి. సామాను సర్దడంలో రోజులు తెలియలేదు.

కసవనహళ్లిలో ఇల్లు తీసుకున్నాం. గృహిణి గారి సలహా ప్రకారం నడిచి వెళ్ళగల దూరంలో రెండు బడులు, ఆటోలో పది నిమిషాల దూరంలో మరో రెండు ఉన్న చోటు చూసుకున్నాం. మారతహళ్లి నాన్న గారు చెప్పినట్టు బుధవారం ఉదయం వచ్చి నడిచి చూశాం, అత్తయ్య గారి నడకతో పదకొండు నిమిషాలు. మా వారికి ఆఫీసు నలభై నిమిషాలు. మేము మొదట ఇష్టపడిన ఇంకో ఇల్లు ఇంతకన్నా పెద్దది, అద్దె కూడా తక్కువే, కాని అక్కడి నుంచి బడికి వెళ్ళే దారిలో కాలిబాట లేని చోట పెద్ద రోడ్డు దాటాలి. పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళేది డెబ్భై ఏళ్ళ మనిషి అని గుర్తురాగానే ఆ ఇల్లు వదులుకున్నాం.

బడి ఐసీఎస్‌ఈ. అనంత అమ్మ గారు చెప్పిన జాబితాలో కోడ్, చిరునామా రెండూ సరిచూశాం. తరగతికి ఇరవై ఎనిమిదిమంది. ఈతకొలను లేదు, ఆవరణలో మూడు చెట్లు ఉన్నాయి. నేను అడిగింది ఒక్కటే: "తెలుగు తప్ప రాని పిల్ల మొదటి రోజు మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఎవరితో చెప్పుకుంటుంది?" ఒక బడిలో ఈ ప్రశ్నకు నవ్వారు. ఈ బడిలో ప్రిన్సిపాల్ గారు ఆయమ్మను పిలిపించారు. ఆవిడది మదనపల్లె.

వయసు విషయంలో చాలా తర్జనభర్జన జరిగింది. మా వారు ఒకటో తరగతి అన్నారు, నేను రెండు మనసులతో ఉన్నాను. చివరికి యూకేజీలోనే చేర్పించాం. పాపకు కొత్తవారంటే బెరుకు, గృహిణి గారు అడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి నా దగ్గర 'లేదు' అనే సమాధానం ఉంది. పాపతో "ఇది బెంగళూరు యూకేజీ, ఇక్కడ కొత్త అక్షరాలు నేర్పుతారు" అని చెప్పాను. మళ్ళీ అదే తరగతి అని అది ఇంతవరకు అడగలేదు.

ఉద్దానం తమ్ముడు | 6 జూలై 2025

అక్కా, నేను సర్జాపురం రోడ్డులో భవన నిర్మాణ పనుల్లో సూపర్‌వైజరుగా ఉంటున్నాను. ఇక్కడ అందరూ ఐసీఎస్‌ఈ, సీబీఎస్‌ఈ అంటున్నారు. ఆ ఫీజులు కట్టలేనివారి గురించి కూడా రాయాలనిపించింది.

మా ఊరి నుంచి వచ్చిన చాలా కుటుంబాలు పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వస్తారు. మేము తెచ్చుకున్నాం. ప్రైవేటు బడుల్లో ఇరవై ఐదు శాతం ఉచిత సీట్లు ఉంటాయి గదా అని వెళితే, కర్ణాటకలో 2019 నుంచి నిబంధన మార్చారని, దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు బడిలో ఆ సీటు ఇవ్వరని తెలిసింది. అప్పుడు ప్రభుత్వ బడిలోనే వేశాం. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. కొన్ని ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం విభాగాలు పెట్టారు. కర్ణాటక పబ్లిక్ స్కూల్ అని ఎల్‌కేజీ నుంచి పన్నెండు వరకు ఒకే ఆవరణలో ఉండేవి కూడా ఉన్నాయి. మధ్యాహ్న భోజనం, పాలు, గుడ్డు ఇస్తారు. మా వాడు నాలుగు నెలల్లో కన్నడం నాకన్నా బాగా మాట్లాడుతున్నాడు. కూలీలతో నాకు మాట కుదరకపోతే వాడినే అడుగుతున్నాను.

ఒక లెక్క మాత్రం ముందే చూసుకోవాలి. ఊళ్ళో ఉండి ఉంటే ఈ జూన్‌లో, బడికి వెళ్ళే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మా ఇంటికీ వచ్చేది. పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో చదువుతుంటేనే అది వర్తిస్తుంది. ఇద్దరు పిల్లలున్న మాకు అది చిన్న మొత్తం కాదు. అయినా పిల్లలు రాత్రి మా పక్కన పడుకుంటున్నారు, దానికి మేము కట్టిన ధర అనుకున్నాం.

కృష్ణాతీరం | 6 జూలై 2025

తమ్ముడూ, మీరు రాసినది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఈ చర్చలో అన్నిటికన్నా అవసరమైన మాట మీరు రాశారు. మా వీధిలో పని చేసే ఒక అమ్మాయి తన కూతురిని సోంపేటలో వదిలి వచ్చింది. మీరు చెప్పిన కర్ణాటక పబ్లిక్ స్కూల్ సంగతి ఆమెకు చెబుతాను.

కొత్త ప్రయాణం | 25 అక్టోబరు 2025

నమస్కారమండీ. మేము గుంటూరు నుంచి డిసెంబరులో బెంగళూరుకు రావలసి ఉంది. పాప రెండో తరగతి. మధ్యలో మార్చాలా, లేక మార్చి వరకు నేనూ పాపా గుంటూరులోనే ఉండి తరువాత రావాలా? మీ పాప ఎలా కుదురుకుందో కూడా చెప్పగలరా?

కృష్ణాతీరం | 26 అక్టోబరు 2025

ముందు మా సంగతి. మొదటి మూడు వారాలూ పాప బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చి నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకునేది. నాలుగో వారం ఒకరోజు "నాయనమ్మా, హాలు అంటే మన పాలే" అంది. పంతులు గారి కిటుకు నేను చెప్పకుండానే దానికి దొరికింది. ఆగస్టు నాటికి స్నేహితురాలు కుదిరింది, ఆ పిల్లది తుమకూరు. బాబు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. దసరా సెలవులకు విజయవాడ వెళ్ళాం, అక్కడ పాత స్నేహితుల ఒకటో తరగతి పుస్తకాలు చూసి కొంచెం చిన్నబోయింది. ఆ రాత్రి నా నిర్ణయం సరైనదా అని నేను నిద్రపోలేదు. సంక్రాంతికి మన దగ్గరిలాగ వారం పైన సెలవులు ఇక్కడ ఉండవు, పండుగ ఒక్కరోజే, కాబట్టి మా అత్తయ్య గారు ముగ్గుపిండి ఇప్పుడే తెప్పించుకున్నారు.

మీ ప్రశ్నకు నాకు తోచింది ఇది. మా పాపది యూకేజీ, మీది రెండో తరగతి, కాబట్టి నా అనుభవం పూర్తిగా సరిపోదు. డిసెంబరులో మారిస్తే మిగిలిన మూడు నెలల్లో అక్కడి పాఠాలు అందుకోవాలి, పైగా బడి పూర్తి సంవత్సరం ఫీజు అడగవచ్చు. నాలుగు నెలలు మీ వారు ఒంటరిగా ఉండగలిగితే, గుంటూరులో మీకు తోడు ఎవరైనా ఉంటే, సంవత్సరం పూర్తిచేసుకుని రండి. ఆ నాలుగు నెలల్లో మీ వారు ఇక్కడ వారం వారం బడులు చూడవచ్చు, ఉదయం వేళ నడిచి చూడవచ్చు. తోడు ఎవరూ లేకపోతే మాత్రం కలిసే రండి.

ఏది చేసినా టీసీ తీసుకునే రోజునే పాత బడి కార్యాలయంలో కూర్చుని, యూడైస్‌లో పాప పేరును డ్రాప్‌బాక్స్‌లోకి పంపారా అని మీ కళ్ళతో చూసి, పెన్ నంబరు టీసీ వెనుక రాయించుకుని బయటకు రండి. పాప పేరు అన్ని కాగితాల్లోనూ ఒకే తీరుగా ఉందా? ఇంటిపేరు ముందు ఉందా, వెనుక ఉందా? అది చూసి ఇక్కడ రాయండి, తేడా ఉంటే అనంత అమ్మ గారు ఎలా సరిచేయించుకున్నారో అడుగుదాం.